ఉత్తుత్తి తద్దినం

ఆండాంగ్ ఊరికి పైన, పైన్ చెట్ల గుట్ట మీద ఒక పరిశోధన సంస్థ ఉంది. పాత వంశాల ఇళ్ళలో అటకల మీదా, పెట్టెల అడుగునా మగ్గిపోతున్న కాగితాలన్నీ చివరికి అక్కడికే చేరతాయి. వాటిని ఫోటోలు తీసి, అక్షరం వెంట అక్షరం కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ దేశంలో కూర్చున్నవాళ్ళైనా చదువుకునేలా నెట్లో పెడతారు. కొరియా చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్ళకి అదొక బంగారు గని అనుకోండి.

చలికాలం మధ్యాహ్నం పూట ఆ చదువుల గదిలో కూర్చుంటే, లోకంలో ఇంతకంటే నిమ్మళమైన చోటు ఉండదనిపిస్తుంది. హీటరు సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. దబ్బపండు తేనె కలిపిన టీ వాసన, పాత కాగితం వాసన, అట్టలు అంటించే గంజి వాసన, మూడూ కలిసి నిద్రొచ్చేట్టు ఉంటాయి. కిటికీ బయట మంచు పడుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

అంత నిమ్మళమైన గదిలో ఇద్దరు మనుషులు పాము, ముంగిసల్లా ఎదురెదురుగా కూర్చునేవారు.

ఒకావిడ ప్యో యోన్‌సిల్. యాభైకి దగ్గర పడింది. ఏడాదికో కాంట్రాక్టు, ప్రతి చలికాలం చివర 'ఉంచుతారా, పంపేస్తారా' అని గుండెల్లో దడ. పంపేస్తే ఆవిడకి మిగిలేది వదినగారి ఉప్పు చేపల కొట్టు. తెల్లారి లేచి చేపల పేగులు తీయడం, వదిన దెప్పుళ్ళు తినడం. అంతకంటే చావు నయం అని ఆవిడ అభిప్రాయం.

రెండో ఆయన బాంగ్ డూసిక్. ఆవిడ కంటే నాలుగైదేళ్ళు పెద్ద. పెద్ద వంశంవాడు. ఆ సంగతి రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకి అన్నం అరగదు.

వాళ్ళ పని ఏమిటంటే, తప్పులు పట్టడం. ఒకరు పాత కాగితం ఫోటోని పెద్దగా అచ్చు తీసి ముందు పెట్టుకుని పైకి చదువుతారు. రెండోవాళ్ళు కంప్యూటర్లో ఎక్కించిన పాఠాన్ని చూస్తూ, విన్నది ఒకటి, ఉన్నది ఒకటి అయితే అక్కడికక్కడే దిద్దుతారు. ఏళ్ళ తరబడి ఈ పని చేసినవాళ్ళకి చెవి నుంచి వేళ్ళకి సొంతంగా ఒక దారి పడిపోతుంది. మధ్యలో బుర్రని అడగడం ఉండదు. చెవిన పడ్డది వేళ్ళు కొట్టేస్తాయి, అంతే.

పురుగు తిన్న అక్షరాలూ, తడిసి అలుక్కుపోయిన అక్షరాలూ ఉంటాయి కదా, వాటి చోట ఖాళీ గడి పెడతారు. చదివేవాళ్ళు అక్కడ "ఖాళీ" అనాలి. ఇదై ఉంటుంది, అదై ఉంటుంది అని ఊహించి నింపకూడదు. ఆ వృత్తిలో అంతకు మించిన పాపం లేదు.

ఆ ఏడు ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు వచ్చింది. ఇద్దరిలో ఒకరికి. వాళ్ళ పై అధికారి నామ్‌గూంగ్, ఇద్దరి కంటే చిన్నవాడు, సంగతి ముఖం మీదే చెప్పేశాడు. "ఒక జమీందారీ ఇంటి కాగితాల కట్ట వచ్చింది. రేపు పొద్దున్నే నెట్లో పెట్టేస్తున్నాం. ఎవరి తప్పులు తక్కువుంటే వాళ్ళది ఉద్యోగం" అన్నాడు. అని, మంచు ముదరకముందే కారెక్కి కిందికి వెళ్ళిపోయాడు.

ఇక చూడండి, ఆ గదిలో మాటలు!

"ప్యో టీచరమ్మా, కాస్త మెల్లగా చదవండి. చేపలమ్మినట్టు కేకలేస్తుంటే నాకు దిద్దడం కాదు, బేరమాడాలనిపిస్తోంది" అన్నాడు బాంగ్.

"బేరాలు మీకు కొత్తా మాస్టారూ? నామ్‌గూంగ్ గారి దగ్గర నా తప్పులు ఒక్కొక్కటీ ఎంతకి అమ్మారో నాకు తెలీదనుకున్నారా?"

"ఉన్న తప్పులే చెప్పాను. లేనివి కల్పించే తెలివి నాకు లేదు. అది మీ ఇంటి విద్య."

యోన్‌సిల్ పళ్ళు కొరుక్కుని తరవాతి కాగితం తీసింది.

మధ్యాహ్నం దాటింది. మంచు ఆగలేదు. బాంగ్ తన టిఫిన్ డబ్బా తెరిచి బల్ల మీద పరిచాడు. గిన్నెడు అన్నం, ఫెర్న్ కూర, మొలకల కూర, వేయించిన చేప ముక్క, టోఫు పులుసు, పక్కన సోయా రసం. కారప్పొడి చుక్క కూడా లేదు. ఆండాంగ్‌లో దాన్ని ఉత్తుత్తి తద్దినం భోజనం అంటారు. పూర్వం పండితులకి పితృకార్యం నాటి వంటల మీద మనసు పోయేదట. రోజూ తద్దినాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకని తద్దినం లేకుండానే తద్దినం వంట వండించుకుని తినేవారట. ఇప్పుడది హోటళ్ళలోనూ దొరుకుతుంది. బాంగ్ గారి ఇంట్లో వారానికోసారి ఉండాల్సిందే.

ఆయన చెంచా ఎత్తబోతుంటే యోన్‌సిల్ తన చేతిలో ఉన్న కాగితం వంక చూసి ఆగింది.

"మాస్టారూ, ఇది చుక్‌మున్."

చుక్‌మున్ అంటే తద్దినం నాడు పోయినవాళ్ళని భోజనానికి పిలుస్తూ చదివే పాఠం. ఇది ఇంటి పెద్దలని పిలిచేది కాదు. దిక్కులేని చావు చచ్చినవాళ్ళకి ఊరి అధికారి ఊరికి ఉత్తరాన పెట్టే భోజనం తాలూకు పిలుపు.

బాంగ్ చెంచా కింద పెట్టాడు. "అదేమిటి? చుక్‌మున్ చదివిన వెంటనే కాల్చేస్తారు కదా. ఇది మిగలడమేమిటి? చదవకుండా వదిలేసి ఉంటారు."

"చదివే ఉంటారు. కాల్చేవాడు మిగిలి ఉండడు" అంది యోన్‌సిల్ నవ్వుతూ.

"వెకిలి మాటలు తరవాత. ఇలా ఇవ్వండి, దీన్ని నేను చదువుతాను. మా ఇళ్ళలో చుక్‌మున్ మగవాళ్ళే చదువుతారు. ఆడవాళ్ళ చోటు వంటిల్లు. ఆ రాగం మీకెక్కడ తెలుస్తుంది?"

అక్కడ తగిలింది దెబ్బ. యోన్‌సిల్ వాళ్ళ నాన్న ఊరందరి ఇళ్ళకీ వెళ్ళి చుక్‌మున్ చదివేవాడు. చిన్నప్పుడు కాగితం తలుపు అవతల, వంటింటి గడప మీద కూర్చుని ఆ రాగం అంతా ఆవిడ చెవులతో తాగేసింది. లోపలికి మాత్రం ఎవరూ రానివ్వలేదు. ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ అదే మాట. అదీ ఎవరి నోట!

"తద్దినం వంట తెచ్చుకున్నారు, పిలవకుండా తింటారా మాస్టారూ? మర్యాద కాదు. నేను పిలుస్తాను, మీరు వడ్డించండి."

అని లేచి నిలబడింది. కాగితం రెండు చేతులా పట్టుకుని రాగం ఎత్తింది.

ఎంత బాగా ఎత్తిందంటే, బాంగ్ నోరు మూతపడింది. చేతులు మాత్రం అలవాటు కొద్దీ మీటల మీదికి పోయాయి.

"కత్తికి బలైనవాళ్ళారా... వరదలో కొట్టుకుపోయినవాళ్ళారా... పులి నోట పడినవాళ్ళారా... పురిట్లో పోయినవాళ్ళారా... గోడ కూలి నలిగినవాళ్ళారా... కరువులో మన్ను తిని పోయినవాళ్ళారా... మహమ్మారికి పోయి, పాతే దిక్కులేక కుక్కల పాలైనవాళ్ళారా... మీ పేరు పలికేవాళ్ళు లేరు. మీకు ముద్ద పెట్టేవాళ్ళు లేరు. ఈ పూట మీకు బల్ల పరిచినవాడు..."

అక్కడ మూడు ఖాళీ గడులు. అధికారి పేరు ఉండాల్సిన చోటు. పురుగు తినేసింది.

"ఖాళీ, ఖాళీ, ఖాళీ" అనాలి ఆవిడ.

"...బాంగ్ డూ సిక్!" అంది.

అదే రాగంలో, అదే లాగుడుతో. చివరి మాట కూడా తండ్రి ఎలా దింపేవాడో అలాగే నెమ్మదిగా దింపింది.

"సాంగ్... హ్యాంగ్..."

రండి, ఆరగించండి అని దానర్థం.

హీటరు గుయ్యి ఆగిపోయింది.

బాంగ్ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. తన తెర వంక చూసుకుంటున్నాడు. యోన్‌సిల్ వంగి చూసింది. ఖాళీ గడులు లేవు. వాటి చోట మూడు అక్షరాలు. చెవి విన్నది, వేళ్ళు కొట్టేశాయి. ఆయన పేరు ఆయనే రాసుకున్నాడు.

"ఏం చేశావే..." అన్నాడు. ఆయన నోట ఏకవచనం ఆ రోజే మొదటిసారి. "ఏం చేశావే నువ్వు? బల్ల మీద వంట ఉంది. నా పేరు..."

"ఉత్తుత్తి వంటే కదా" అంది యోన్‌సిల్. నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

బాంగ్ తన పేరు చెరిపేసి మళ్ళీ ఖాళీ గడులు పెట్టాడు. చెరిపినంత మాత్రాన ఏమవుతుంది? పిలుపు నోటితో అయిపోయింది. అడుసు తొక్కాక కాలు కడుక్కున్నట్టే.

కాసేపటికి ఆయన కొంచెం తేరుకున్నాడు. "పిచ్చి మాటలు, పిచ్చి భయాలు" అని గొణుక్కుంటూ చెంచాడు అన్నం నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపాడు. చేప ముక్క కొరికాడు. పులుసు తాగాడు.

"ఏమైంది?" అంది యోన్‌సిల్.

"రుచి లేదు."

"మీ ఆవిడ ఉప్పు మరిచిపోయి ఉంటుంది."

"ఉప్పు కాదు. ఏ రుచీ లేదు. కాగితం నములుతున్నట్టుంది." సోయా రసం గిన్నె ఎత్తి తిన్నగా నాలిక మీద పోసుకున్నాడు. నల్లగా పెదవుల మీంచి కారింది. "ఇది కూడా..."

తద్దినం వంటలు పెద్దలు ఆరగించాక చప్పబడతాయని అక్కడి ముసలమ్మలు అంటారు. ఆ మాట ఇద్దరికీ గుర్తొచ్చింది.

చలికాలం పొద్దు కదా, ఐదు దాటీ దాటకముందే చీకటి పడిపోయింది. నామ్‌గూంగ్ ఫోన్ చేశాడు. "దారి మూసుకుపోయింది. బస్సు పైకి రాదు. మంచు తోసే బండి వచ్చేదాకా ఆగండి. ఎలాగూ ఉన్నారు కాబట్టి కట్ట పూర్తి చేసేయండి" అని పెట్టేశాడు. ఇంకో మాట మాట్లాడనివ్వలేదు.

అప్పుడు వచ్చింది వాసన.

మొదట తడి గడ్డి వాసన. తరవాత ఏటి బురద. ఆ తరవాత స్నానం లేని ఒళ్ళ వాసన... ఒకరిద్దరివి కాదు. సంతలో జనం మధ్య ఇరుక్కున్నప్పుడు ముక్కు మీదికి కమ్ముకొస్తుందే, అలాంటిది. ఆగిన హీటరు మళ్ళీ తిరుగుతూనే ఉంది. చలి మాత్రం కాళ్ళ నుంచి మోకాళ్ళకి పాకుతోంది.

"కిటికీ తెరిచారా?" అంది యోన్‌సిల్ చిన్న గొంతుతో.

"లేదు."

గదికి ఒక పక్క అసలు కాగితాలు దాచే కొట్టు ఉంది. కిటికీలు లేని గది. ఇనుప తలుపు. ఆ తలుపు అవతల నుంచి...

ఎహెం.

మగ గొంతు. దగ్గు కాదు, సకిలింపు.

ఎహెం... ఎహెం.

ఇద్దరూ రాయి అయిపోయారు. ఎందుకంటారా? అక్కడ తద్దినం నాడు వడ్డన అయ్యాక, పెద్దలు ప్రశాంతంగా తినాలని తలుపు మూసేసి ఇంటివాళ్ళంతా బయట నిలబడతారు. మళ్ళీ లోపలికి వెళ్ళేముందు ఇంటాయన గుమ్మం దగ్గర మూడుసార్లు సకిలిస్తాడు. 'మేం వస్తున్నాం, మీరు కానివ్వండి' అని చెప్పడం అన్నమాట. బతికున్నవాళ్ళు పోయినవాళ్ళకి చేసే మర్యాద అది.

ఇప్పుడా సకిలింపు లోపలి నుంచి వచ్చింది.

తలుపు మాత్రం తెరుచుకోలేదు. దాని వెనక ఏదో గుసగుస మొదలైంది. చాలామంది ఒకేసారి, గొంతు తగ్గించి, కోపంగా. మాటలు ముందు తెలియలేదు. తరవాత తెలిశాయి.

"ఇంతమందిని పిలిచి... ఇంతేనా?"

"ఒక్క గిన్నె..."

"ఒక్క గిన్నె పెట్టి పిలుస్తాడా?"

బాంగ్ కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు. పొట్ట పట్టుకున్నాడు. "ఆకలి" అన్నాడు. "ఒరే నాయనో, ఇదేం ఆకలి... పేగులు మెలితిప్పుతున్నట్టుంది." డబ్బాలో ఉన్న రుచిలేని అన్నం చేత్తో కుక్కుకున్నాడు. మింగే కొద్దీ బుగ్గలు లోపలికి పోతున్నాయి. పొద్దున నిగనిగలాడిన మనిషి కళ్ళ కింద గుంటలు పడ్డాయి. ఆవిడ చూస్తుండగానే.

"కాల్చు" అన్నాడు. "చెల్లెమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ అసలు కాగితం తెచ్చి కాల్చెయ్. చుక్‌మున్ కాలితేనే భోజనం అయిపోయినట్టు. అప్పుడే వాళ్ళు లేచి వెళ్ళేది. చదివినదానివి నువ్వు, కాల్చాల్సింది నువ్వే." జేబులోంచి లైటర్ తీసి ఆవిడ కాళ్ళ దగ్గరికి దొర్లించాడు.

చెల్లెమ్మా అన్నాడు చూశారా! ఇన్నేళ్ళలో ఏనాడూ అనని మాట.

యోన్‌సిల్ లైటర్ తీసుకుంది. తాళం తీసుకుంది. ఇనుప తలుపు ముందు నిలబడింది. మనసులో ఒక పక్క ఈ మనిషి చచ్చిపోతున్నాడు అని ఉంది. ఇంకో పక్క... రెండు వందల ఏళ్ళ నాటి కాగితం. దాతలు నమ్మి ఇచ్చింది. కాలిస్తే ఉద్యోగం పోవడం అటుంచి, పోలీసులు వస్తారు. ఇంక జన్మలో ఏ కాగితమూ ముట్టుకోనివ్వరు. చేపల కొట్టు. వదిన.

తలుపు తీసింది.

లోపల దీపం వెలగలేదు. తన వెనక నుంచి పడే వెలుతురే గతి. అరల మధ్య సందులో ఎవరూ కనబడలేదు. అయినా ధైర్యం రాలేదు, ఎందుకంటే ఆవిడ అడుగు వేసినప్పుడల్లా ఎవరో ఒదిగి దారి ఇచ్చినట్టు అనిపిస్తోంది. బుగ్గ మీద ఎవరిదో ఊపిరి. చల్లగా, మట్టి వాసనతో.

సొరుగు లాగింది. కాగితం ఉంది. చేతిలోకి తీసుకుంది.

అప్పుడు చెవి పక్కనే, చాలా దగ్గరగా, ఒక ముసలి ఆడ గొంతు అడిగింది. కోపం లేదు అందులో. ఇంటి దారి అడిగినట్టు అడిగింది.

"పెట్టేవాడెవరమ్మా?"

యోన్‌సిల్ సొరుగు అంచు పట్టుకుంది.

"పిలిచావు కదా తల్లీ... పెట్టేవాడెవరు? నువ్వా?"

"నేను కాదు" అంది యోన్‌సిల్.

"మరి?"

...

"బయటి గదిలో ఉన్నాడు" అంది.

ఊపిరి బుగ్గ మీంచి తొలగిపోయింది. ఆవిడ కాగితాన్ని మళ్ళీ సొరుగులో పెట్టింది. జాగ్రత్తగా, మూలలు నలగకుండా. సొరుగు మూసింది. కొట్టు తాళం వేసి బయటికొచ్చింది.

బాంగ్ తల ఎత్తి చూశాడు. ఆవిడ బల్ల మీదున్న అచ్చు కాగితాన్ని, అంటే ఇందాక చదివిన నకలుని, ఆయనకి వీపు పెట్టి టీ కప్పులో ముట్టించింది. మండింది. మసి అయింది. కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కాల్చేశాను మాస్టారూ. అయిపోయింది."

"నిజంగానా?"

"మీ కళ్ళతో చూడండి."

ఆయన మసిని వేలితో ముట్టుకుని ఏడ్చాడు. పెద్ద మనిషి, చిన్న పిల్లాడిలా. "నామ్‌గూంగ్‌తో నేను చెప్తాను. నేనే కాల్చానని చెప్తాను. ఆ ఉద్యోగం నువ్వే తీసుకో చెల్లెమ్మా. నాకు వద్దు."

ఆ మాటకి యోన్‌సిల్ ఇనుప తలుపు వంక చూసింది. ఇప్పుడైనా లోపలికి వెళ్ళి కాల్చొచ్చు. లైటర్ చేతిలోనే ఉంది. వెళ్దామనే అనుకుంది. ఇదుగో, ఇంకో క్షణంలో లేస్తాను అనుకుంది.

ఈలోగా కిటికీ అవతల, గుట్ట కింది దారిలో వెలుగు కనబడింది. పసుప్పచ్చగా, నెమ్మదిగా పైకి ఎక్కుతూ.

"బండి!" అన్నాడు బాంగ్. "మంచు తోసే బండి వచ్చేసింది!" ఎక్కడి నుంచి వచ్చిందో ఓపిక, లేచి కోటు తగిలించుకున్నాడు. "రా, పోదాం."

యోన్‌సిల్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. మంచు తోసే బండి దీపం ఆరుతూ వెలుగుతూ తిరుగుతుంది. ఇది ఆరడం లేదు. రెపరెపలాడుతోంది. పైగా ఒకటి కాదు. దాని వెనక ఇంకోటి. దాని వెనక... వరసగా. దారి పొడుగునా.

ఇంజను చప్పుడు లేదు.

"మీరు పదండి మాస్టారూ" అంది, వెనక్కి తిరక్కుండా. "నేను కంప్యూటర్లు ఆపి వస్తాను."

ఆయన మెట్లు దిగిన చప్పుడు వినబడింది. కింద తలుపు తెరుచుకుంది. మంచులో నల్లటి మనిషి ఆకారం చెయ్యి ఊపుకుంటూ వెలుగు కేసి నడిచింది. వెలుగులు ఆగాయి. ఆయన చుట్టూ చేరాయి.

ఒక్కొక్కటీ ఆరిపోయాయి.

గదిలో వాసన లేదు. చలి లేదు. హీటరు సన్నగా గుయ్యిమంటోంది. యోన్‌సిల్ కూర్చుని, మిగిలిన కాగితాలు ఒక్కతే చదువుకుని, ఒక్కతే దిద్దుకుని, కట్ట పూర్తి చేసింది. ఒక్క తప్పు లేదు.

పొద్దున్నే మంచు తోసే బండి వచ్చింది. నిన్న సాయంత్రం తను షెడ్డులోంచి కదలనే లేదని డ్రైవరు చెప్పాడు. దారి మలుపులో బాంగ్ డూసిక్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, విస్తరి ముందు కూర్చున్నట్టు. చలికి గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

మూడు రోజుల కార్యం ఆసుపత్రి కింది అంతస్తులోని హాల్లో పెట్టారు. యోన్‌సిల్ వెళ్ళింది. వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారు? ఫోటో ముందు రెండుసార్లు సాష్టాంగపడింది. బాంగ్ భార్యకి వంగి దణ్ణం పెట్టింది. వడ్డించిన మాంసం పులుసు ముందు కూర్చుంది.

పక్క బల్ల మీద ఇద్దరు చుట్టాలు గుసగుసలాడుకుంటున్నారు.

"స్నానం చేయించాక నోట్లో బియ్యం పెడతారు కదా. కొయ్య చెంచాతో మూడుసార్లు. ఆ పెట్టే ఆయన నోరు తెరిచి చూస్తే..."

"చూస్తే?"

"అప్పటికే నిండుగా ఉందట. నానబెట్టిన బియ్యం. గొంతు దాకా. ఎర్ర బియ్యమట, ఈ కాలంలో ఎవరూ పండించనిది."

"ఎవరు పెట్టారు?"

"అదే కదా..."

నామ్‌గూంగ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఈ టైములో చెప్పకూడదు గానీ, కట్ట ఆ పొద్దున్నే నెట్లోకి వెళ్ళింది. ఒక్క తప్పు లేదు. వసంతం నుంచి మీరు పర్మనెంటు" అన్నాడు. "ఇంటికి వెళ్తారా? కారులో దింపుతాను. బయట మంచు దారుణంగా ఉంది."

యోన్‌సిల్ తల వంచి దణ్ణం పెట్టింది. ఎన్నేళ్ళ నాటి కోరిక! సంతోషం వస్తుందేమోనని ఒక నిమిషం కూర్చుని చూసింది. లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

ఆవిడ బూట్లు లేవు.

అరలో అందరివీ ఉన్నాయి. ఆవిడ పెట్టిన చోట మాత్రం ఒక జత గడ్డి చెప్పులు ఉన్నాయి. పూర్వం మనిషి పోయిన ఇంటి గుమ్మం బయట, ప్రాణం తీసుకుపోవడానికి వచ్చిన భటుల కోసం అన్నంతో పాటు పెట్టేవారే, అలాంటివి. ఇప్పుడెవరూ పెట్టడం లేదు. అల్లేవాళ్ళే లేరు.

చెప్పులు సర్దే ముసలామె అక్కడే కూర్చుని ఉంది.

"అమ్మా, నా బూట్లు?"

"మీ వాళ్ళు వేసుకుపోయారు కదమ్మా" అంది ముసలామె. "మీతో వచ్చినవాళ్ళే. లోపలికి రమ్మంటే రాలేదు, 'పిలిచింది ఆవిడే, సాగనంపాల్సిందీ ఆవిడే' అంటూ ఇక్కడే నిలబడ్డారు పాపం ఇంతసేపూ. మీకివి ఇమ్మన్నారు."

బయట నామ్‌గూంగ్ కారు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గుమ్మం అవతల మోకాలి లోతు మంచు.

కొలత సరిపోదులే, ఎలాగూ సరిపోదు అనుకుంటూ యోన్‌సిల్ కుడికాలు దూర్చింది.

సరిగ్గా సరిపోయింది. ఇప్పుడే ఎవరో కాలు తీసినట్టు, లోపల వెచ్చగా ఉంది.